పౌడర్ డబ్బా రేకు, బార్ సబ్బు, ఒక పాత జీపు

నిన్న సాయంత్రం ఐదున్నరకి జీపు తనంతట తానే మా వీధి చివర కొళాయి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. రానూ పోనూ మూడొందల మీటర్లు ఉంటుందేమో. బానెట్ ఇంకా బిగించలేదు. సీటు కుట్టడానికి ఇచ్చాను కాబట్టి కింద చెక్క పీట. బ్రేకు రెండుసార్లు తొక్కితేగానీ పట్టలేదు. అయినా విప్పి బాగుచెయ్యడం మొదలుపెట్టిన తొమ్మిది నెలల తర్వాత బండి నడిచింది. అందుకే ఇన్నాళ్లూ గ్రీజు చేతులతో రాసుకున్న నోటుబుక్కు ముందేసుకుని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇలాంటి బండి మీద చెయ్యి పెట్టేవాళ్లకి నాలుగు ఆదివారాలు కలిసొచ్చినా చాలు.

బండి 1972 మోడల్ మహీంద్రా సీజే3బీ, పెట్రోలు. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1953లో మొదలుపెట్టి 1968లో ఆపేసిన మోడల్ ఇది. మన దగ్గర మహీంద్రా ఆ తర్వాత కూడా చేస్తూనే పోయింది. దీని ముక్కు మిగతా పాత జీపుల కంటే ఎత్తు. లోపలున్న హరికేన్ ఇంజిన్‌కి ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. దాంతో ఇంజిన్ పొడుగైపోయి, పాత బానెట్ కింద పట్టక బానెట్‌నే పైకి లేపారు. 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు, మూడు గేర్లు.

కొయ్యలగూడెం దగ్గర ఒక రైతు పొగాకు బ్యారెన్ పక్కన రేకుల షెడ్డులో పద్నాలుగేళ్లు పడి ఉంది. మా వైపు పెట్రోలు జీపుల్లో చాలావాటికి ఎప్పుడో డీజిల్ ఇంజిన్ ఎక్కించేశారు. దీనికి మాత్రం అసలు ఇంజిన్ అలాగే ఉంది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయాయి. కొనేముందు చూసింది ఈ రెండే. తుప్పు సంగతి రాజమండ్రి తెచ్చాక తెలిసింది. కోళ్లు గుడ్లు పెట్టిన గడ్డి కూడా వెనక సీటు కింద అలాగే ఉంది.

మొదటి ఆదివారమే ఒక వీల్ స్టడ్డు (చక్రం నట్టు ఎక్కే బోల్టు) విరిచాను. ఈ జీపులకి ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ చుట్టువి. మామూలుగా ఊడదీసే వైపు తిప్పితే ఇంకా బిగుస్తాయి. పానాకి నాలుగడుగుల పైపు తొడిగి, దాని మీద నిలబడి, నేనే బిగించి నేనే విరిచాను. స్టడ్డు కొసన మట్టి గీకితే ‘ఎల్’ అక్షరం కనబడింది. ముందు గీకి ఉంటే బాగుండేది.

వెనక హబ్బులు, అంటే చక్రాలు బిగించే దిమ్మలు, ఇంకో కథ. యాక్సిల్ కొస కోసుగా ఉండి, మధ్యలో కీ (జారకుండా పెట్టే చిన్న ఇనప ముక్క) వేసి, పెద్ద నట్టుతో బిగించి ఉంటుంది. సుత్తితో కొడితే హబ్బు రాదు, డ్రమ్ము పగులుతుంది. లేత్ షాపులో పన్నెండు వందలిచ్చి బరువైన పుల్లర్ చేయించాను. దాన్ని బిగించి, బోల్టు తల మీద గట్టిగా ఒక దెబ్బ వేసి, రాత్రికి అలాగే వదిలేశాను. నట్టు మాత్రం తీసెయ్యకుండా రెండు చుట్లు వదులు చేసి ఉంచాలి. లేకపోతే హబ్బు ఊడిన ఊపుకి పుల్లర్‌తో సహా వచ్చి కాళ్ల మీద పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పెద్ద చప్పుడు. మా ఆవిడ దొంగలనుకుని లైటు వేసింది. హబ్బు ఊడింది.

విప్పుతున్నకొద్దీ నాకు బండి కంటే, దీన్ని అంతకుముందు బాగుచేసినవాళ్లు ఎక్కువ పరిచయమయ్యారు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. దాని అడుగున సన్న చిల్లి, దానికి మెదిపి అద్దిన బార్ సబ్బు. పెట్రోలుకి సబ్బు కరగదు, దారిలో ఆగిపోకుండా ఇంటికి చేరడానికి అందరూ చేసే పనే. ఇది మాత్రం ఏళ్ల తరబడి రాయిలా బిగిసి ఉంది, మీద వేలిముద్ర కూడా చెక్కుచెదరలేదు. చెమ్మకి ఆ చిల్లి చుట్టూ రేకు మాత్రం కాగితమైపోయింది.

ట్యాంకుని ఇంట్లో వెల్డింగ్ చెయ్యకండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి చాలు. లోపల గుప్పెడు నట్లు, సర్ఫు నీళ్లు పోసి గంటసేపు ఊపి, మూడుసార్లు కడిగి, రేడియేటర్లకి టంకం పెట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మళ్లీ తన పద్ధతిలో కడిగి, నీళ్లు నింపి, చిల్లి పైకొచ్చేలా పెట్టుకుని టంకం వేశాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రమ్ దానికి తట్టుకోవు, మెత్తబడి ఉబ్బిపోతాయి. చూడ్డానికి బాగున్నవాటిని కూడా మార్చేశాను.

చిన్న చిన్న ముక్కల తుప్పుకి ఎమరీ పేపర్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, పది లీటర్లకి నాలుగు చెంచాల బట్టల సోడా. బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ తుప్పు ముక్కకి, పాజిటివ్ ఒక పాత ఇనప రేకుకి. తిరగేస్తే మన ముక్కే అరిగిపోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వద్దు, అందులోని క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది. పైకొచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, అందుకని పెరట్లో, అగ్గిపుల్లకి దూరంగా. రాత్రి వేసి పొద్దున తీస్తే తుప్పు నల్లటి బురదలా బ్రష్షుతో రాలిపోతుంది. వెంటనే ఆరబెట్టి ప్రైమర్ కొట్టకపోతే మన గోదావరి గాలికి సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది.

ఫ్లోరు మొత్తం కోసేశాం. పైన కనిపించిన తుప్పు పావు వంతే, మిగతాదంతా అడుగున బలానికి వేసిన ఛానెళ్లలో దాక్కుంది. 16 గేజీ రేకు, సీఓటూ వెల్డింగ్. ఒక్క సంగతి: బాడీని ఛాసిస్ మీద బోల్టులతో కూర్చోబెట్టాకే ఫ్లోరు అతికించాలి. నేను మొదట నేల మీద పెట్టి అతికించాను. తర్వాత బోల్టు రంధ్రాలు అంగుళం పక్కకి పోయాయి. మళ్లీ కోత, మళ్లీ అతుకు. జనవరి నెలంతా అదే పని.

ఇంజిన్ దగ్గరకొచ్చేసరికి నాకు ధైర్యం ఎక్కువైంది. హెడ్డు బోల్టులన్నీ తీశాను, హెడ్డు కదల్లేదు. పద్నాలుగేళ్లు కదా, అతుక్కుపోయి ఉంటుందనుకున్నాను. కిరసనాయిలు పోశాను, చెక్క పెట్టి కొట్టాను, చివరికి పట్టాఉలి మొన దూర్చబోతుంటే మా పక్కవీధి మేస్త్రి గారు వచ్చారు. ఆయనకి డెబ్బై దాటాయి, వయసులో ఉన్నప్పుడు ఈ జీపులే బాగుచేసిన మనిషి. ఒక నిమిషం చూసి అడిగారు.

“బాబూ, కార్బురేటర్ కూర్చునే నోట్లో వేలు పెట్టి చూశావా?”

పెట్టాను. లోపల, మసిలో, ఇంకో బోల్టు తల. ఈ ఇంజిన్‌కి హెడ్డు బోల్టు ఒకటి కార్బురేటర్ కింద గాలి వెళ్లే దారిలో ఉంటుంది. బయట నుంచి కనబడదు. ఉలి ఇంకొంచెం దూర్చి ఉంటే హెడ్డు పగిలేది, ఈ హెడ్డు ఇప్పుడు కావాలంటే ఊళ్లు తిరగాలి. మేస్త్రి గారు ఇంకేమీ అనలేదు. టీ తాగి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి రోజూ వస్తున్నారు.

సిలిండర్లు బోరింగ్ చేయించి 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం. పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి, నోటితో మోడల్ పేరు చెబితే ఇంకేదో ఇస్తారు. ఒక షాపులో ఇచ్చిన క్లచ్ ప్లేటు వేరే జీపుది, వెనక్కి తీసుకోలేదు. అది ఇప్పుడు గోడకి మేకు మీద వేలాడుతోంది.

హెడ్డు బోల్టులకి 60 నుంచి 70 అడుగు-పౌండ్ల బిగుతు. మధ్య నుంచి అంచులకి, మూడు దఫాల్లో, ఆ దాక్కున్న బోల్టుతో సహా. ట్యాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నెట్టే ముక్కకీ మధ్య ఖాళీ) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కి 18 థౌ, ఎగ్జాస్ట్‌కి 16 థౌ. ఇన్‌లెట్ పైనుంచి హాయిగా అందుతుంది. ఎగ్జాస్ట్ మాత్రం మానిఫోల్డ్ వెనక పక్కమూత తీసి, రెండు సన్న పానాలు, ఫీలర్ గేజీ, మూడు చేతులు ఉంటే అందుతుంది. మూడో చెయ్యి మేస్త్రి గారిది.

ముందు యాక్సిల్‌కి వద్దాం, నాకు బాగా నచ్చిన పని ఇదే. చక్రాలు తిరిగే చోట గుండ్రటి డొల్ల ఉంటుంది, పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు. వాటి బిగుతు షిమ్ములతో, అంటే పలచని రేకు బిళ్లలతో, సరిచెయ్యాలి. ఒక షిమ్ము తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. మరీ వదులైతే గుంట పడగానే ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగిపోతాయి. కొలవడానికి చేపల మార్కెట్లో వాడే స్ప్రింగు కాటా చాలు. ఆయిల్ సీలు పెట్టకముందు, స్టీరింగ్ ఆర్మ్ కొసకి కొక్కెం తగిలించి లాగితే రెండు, రెండున్నర కిలోల దగ్గర కదలాలి.

కుడి పక్క విప్పితే షిమ్ముల మధ్య ఒక రేకు ముక్క. ఒక వైపు తగరం మెరుపు, రెండో వైపు లేత గులాబీ రంగు, దాని మీద సగం పువ్వు. పౌడర్ డబ్బా! ఎవరో కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, బోల్టులకి నాలుగు రంధ్రాలు కూడా కుదురుగా పొడిచారు. నవ్వుకుని పక్కన పడేసి కొత్త షిమ్ముల సెట్టు వేశాను. కాటా నాలుగు కిలోలు దాటింది. ఇంకో షిమ్ము కలిపితే కిలో కూడా చూపించలేదు. ఆ రెండింటికీ మధ్య మందం నా సెట్టులో లేదు. అప్పుడు ఆ రేకుని తుడిచి మైక్రోమీటర్‌తో కొలిచాను, పది థౌ. మళ్లీ దాన్నే వేసి లాగితే కాటా ముల్లు రెండుంపావు దగ్గర నిలబడింది. ఆ మనిషి దగ్గర మైక్రోమీటర్ ఉండి ఉంటుందని నేననుకోను. రేకు అక్కడే ఉంది, ఉంచేశాను.

గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు, ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె. ఈ బండికి హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము మీద ఉంటుంది. అక్కడి ఆయిల్ సీలు పోతే ఆయిలంతా బ్రేకు షూల మీదికే. మాది తడిసి తారు ముద్ద అయింది. సీళ్లు, షూలు కొత్తవి వేశాను. గేరు ఆయిల్ 90, జీఎల్-4 రకమే పోశాను. జీఎల్-5లో కలిపే గంధకం మందులు గేరుబాక్సులోని ఇత్తడి రింగుల్ని తినేస్తాయంటారు, రిస్కు ఎందుకని.

మే నెలలో మొదటి స్టార్టు. ప్లగ్గులు తీసి, ముందు హ్యాండిల్‌తో ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా తిప్పి, ప్లగ్గులు పెట్టి సెల్ఫ్ కొడితే కార్బురేటర్లోంచి తుపాకీలా పేలింది. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2, వైర్లు సరిగ్గానే ఉన్నాయి. మేస్త్రి గారు ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి, నన్ను హ్యాండిల్ తిప్పమన్నారు. గాలి వేలిని నెట్టినప్పుడు డిస్ట్రిబ్యూటర్‌లో రోటరు నాలుగో వైరు వైపు చూస్తోంది. నేను పిస్టన్ పైకొచ్చింది చూశాను గానీ, అది కంప్రెషనా, ఎగ్జాస్టా అని చూడలేదు. వైర్లు నాలుగూ ఎదురెదురుగా మార్చాం. రెండో చుట్టుకే అందుకుంది. సైలెన్సర్లోంచి పొగతో పాటు ఏదో జీవి కట్టుకున్న గూడు బయటకొచ్చింది.

కాగితాల సంగతి. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చెయ్యని బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలొస్తాయి. కానీ రోజువారీ తిరగడానికి కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకే. నాకు తోటకి వెళ్లాలి, వస్తూ కొబ్బరికాయలు వేసుకురావాలి. అందుకని ఫిట్‌నెస్ చేయించి, మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకి రెన్యువల్‌కి పెడుతున్నాను. డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్ వెయ్యమని సలహా ఇచ్చేవాళ్లకి కొదవలేదు. ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండి స్వరూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు చెప్పకపోయినా వేసేవాణ్ని కాదు.

ఇక మిగిలినవి: బ్రేకు పైపుల్లో గాలి తియ్యాలి. మాస్టర్ సిలిండర్ ఒక్కటే, అది ఒకే లైను, ఎక్కడ పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, కాబట్టి ఇది కాకుండా రోడ్డెక్కేది లేదు. ఇంజిన్ వేడెక్కింది కాబట్టి చల్లారాక హెడ్డు బోల్టులు ఇంకోసారి బిగించాలి. విరిగిన ఎడమ చుట్టు స్టడ్డు ఇంకా దొరకలేదు, ఆ చక్రం నాలుగు నట్ల మీదే ఉంది.

పొద్దున లేచి చూస్తే ట్రాన్స్‌ఫర్ కేసు కింద నేల మీద రూపాయి బిళ్లంత మరక. పాత ఇడ్లీ ప్లేటు ఒకటి అడిగి తెచ్చి కింద పెట్టాను. మేస్త్రి గారు వంగి చూసి, “ఏ గుంటలో ఎన్ని చుక్కలు పడ్డాయో రేపు చూద్దాం” అన్నారు.