సీల్ మార్చే ముందు బ్రీదర్ చూడండి

మా బావ కోళ్ల ఫారంలో బ్యాచ్ ఎత్తేశాక ఊకంతా తోడేసి షెడ్లు కడగడానికి పెట్రోల్ ప్రెషర్ వాషర్ ఒకటి ఉంది. ఆరున్నర హార్స్‌పవర్ ఇంజను, దాని షాఫ్ట్‌కే నేరుగా బిగించిన పంపు. పోయినేడు ఇంజనుకీ పంపుకీ మధ్య నుంచి నల్లగా ఆయిల్ కారడం మొదలైంది. మెకానిక్ ఆయిల్ సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మార్చి ఇచ్చాడు, రెండు షెడ్లు కడిగేసరికి మళ్లీ అదే చుక్క. సీల్ నాసిరకం అనుకుని ఇంకోటి వేయించారు, అదీ అంతే. అప్పుడు బావ ఫోన్ చేసి "నువ్వొకసారి వచ్చి చూడరా, బ్యాచ్ దిగే టైమైపోతోంది, టెన్షన్‌గా ఉంది" అన్నాడు.

ముందు తేల్చుకోవాల్సింది కారేది ఎవరి ఆయిల్ అని. ఇంజను ఆయిల్ వేరు, పంపు ఆయిల్ వేరు, రెండిటికీ సీళ్లు వేరు, రెండూ కారేది మాత్రం ఆ మధ్య సందులోంచే. తెల్ల గుడ్డ మీద అద్ది చూస్తే ఇంజను ఆయిల్ నల్లగా, కాలిన వాసనతో ఉంటుంది. పంపు ఆయిల్ తేనె రంగులో ఉంటుంది, లోపలికి నీళ్లు దిగి ఉంటే మజ్జిగలా తెల్లబడుతుంది. మాది నలుపే.

తర్వాత ఇంజనంతా డీజిల్, బ్రష్‌తో కడిగి, తుడిచి, బాగా ఆరాక చుట్టూ టాల్కమ్ పౌడర్ చల్లి పది నిమిషాలు నడిపాం. ఇది తప్పకుండా చెయ్యాలి, ఎందుకంటే ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్లైవీల్ ఫ్యాను గాలికి పక్కకీ పాకుతుంది, చుక్క పడేచోటే లీకు ఉంటుందన్న గ్యారంటీ లేదు. ట్యాపెట్ కవర్ (ఇంజను తలమీది మూత) ప్యాకింగ్ దగ్గర కారినా చివరికి డ్రెయిన్ బోల్ట్ దగ్గరే చుక్క కడుతుంది. మా దాంట్లో ట్యాపెట్ కవర్, సైడ్ కవర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్ట్ వాషర్, ఆయిల్ సెన్సర్ వైరు బయటికొచ్చే రబ్బరు, అన్నిచోట్లా పౌడర్ తెల్లగానే ఉంది. టార్చి వేసి పంపు వెనక సందులోకి చూస్తే షాఫ్ట్ కింద సన్నటి తడి గీత. అంటే సీలే.

కానీ నాకు అనుమానం వచ్చింది ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసినప్పుడు. అడుగున ఆయిల్ మడుగు, ఫోమ్ సగం తడిసి ఉంది. ఈ చిన్న ఇంజన్లలో ఆయిల్ పంపు ఉండదు, కనెక్టింగ్ రాడ్ అడుగునున్న చిన్న గరిటెలాంటి ముక్క ఆయిల్‌ని చిమ్ముతుంది, అంతే. సీల్ మీద ఆయిల్ ప్రెషరేమీ ఉండదు. మరి కొత్త సీల్‌ని తోసుకుని ఎందుకొస్తుంది? లోపలి గాలి తోస్తేనే. పిస్టన్ దిగిన ప్రతిసారీ కింద గాలి నొక్కుకుంటుంది, ఆ గాలి ట్యాపెట్ కవర్‌లోని పల్చటి రేకు వాల్వ్‌లోంచి పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ వైపు పోవాలి. అదే బ్రీదర్. ఆ దారి మూసుకుపోతే గాలి సీల్ పెదవిని, అంటే షాఫ్ట్‌ని ఆనుకునే రబ్బరు అంచుని, ఎత్తుకుని పోతుంది, ఆయిల్‌ని వెంట తీసుకెళుతుంది.

నాలుగు బోల్టులు విప్పి కవర్ తిప్పి చూశాను. రేకు వాల్వ్ చుట్టూ తారులా గట్టిపడిన జిడ్డు, రేకు సగం తెరుచుకుని అతుక్కుపోయింది. పైపులో పుల్ల పెడితే జిడ్డు ముద్దలుగా వచ్చింది.

ఇంకో తప్పు కూడా బయటపడింది. షెడ్డు గచ్చు వాలుగా ఉంటుంది, అక్కడే నిలబెట్టి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూసి తక్కువుందని పోస్తూ పోయారు. ఈ సైజు ఇంజన్లలో చాలావాటికి పట్టేది సుమారు 600 మిల్లీలీటర్లే. డిప్‌స్టిక్ మరలు తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, ఇంజను సమతలం మీద ఉండాలి. మేం తీస్తే లీటరుకి దగ్గర్లో వచ్చింది! ఆ ఆయిలే బ్రీదర్‌లోకి ఎగదన్ని అక్కడ మాడి గట్టిపడింది.

బ్రీదర్ పెట్రోల్‌తో కడిగి, కవర్‌కి కొత్త ప్యాకింగ్ వేసి, ఆ తర్వాతే సీల్ జోలికి వెళ్లాం. పంపు నాలుగు బోల్టులు తీసి లాగితే తుప్పు పట్టి రాలేదు, స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున వచ్చింది. పాత సీల్ మీద చిన్న కన్నం వేసి, స్క్రూ దింపి, పటకారుతో లాగేశాం. కన్నం వేసేటప్పుడు షాఫ్ట్‌కి గీత పడితే ఏ సీలూ ఆగదు, కాబట్టి నిదానంగా. షాఫ్ట్ మీద గోరు నడిపితే పాత పెదవి అరగదీసిన చిన్న గాడి తగిలింది, అందుకే కొత్త సీల్‌ని ఒక మిల్లీమీటరు బయటికి కూర్చోబెట్టాను. షాఫ్ట్ మీద కీ ముక్క కూర్చునే గాడి అంచుకి పెదవి తెగకుండా షాఫ్ట్‌కి టేపు చుట్టి, పెదవికి ఆయిల్ రాసి, స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి పెట్టి, పీవీసీ పైపు ముక్కతో చుట్టూ సమానంగా కొట్టాలి. బయటినుంచి పేస్ట్ పూయడం వల్ల ఉపయోగం లేదు, జిడ్డు మీద అది పట్టదు.

ఆ తర్వాత రెండు బ్యాచ్‌లు ఎత్తారు. మొన్న వెళ్లినప్పుడు వాషర్ కింద పరిచిన గోనెసంచి పొడిగా ఉంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా.