బాబాయ్ వేలు పెట్టిన వాటర్ బాత్

మన కాలేజీ సావనీర్‌కి ఏదైనా రాయమని గ్రూప్‌లో అడిగారు. ఫెస్టులూ క్యాంటీన్ సమోసాలూ ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు కదా అని నేను రెండో అంతస్తు చివర ఉన్న మన ల్యాబ్ గురించి రాస్తున్నా. 2013, బీటెక్ బయోటెక్ ఫైనల్ ఇయర్, ప్రాజెక్ట్ బ్యాచ్‌లో నలుగురం, నలుగురికీ ఒకటే పిచ్చి, సింథటిక్ బయాలజీ, అంటే జీన్లని అతికించి కణాల చేత కొత్త పనులు చేయించడం.

అప్పట్లో ఐజెమ్ పోటీ గురించి హాస్టల్లో రాత్రంతా చదివేవాళ్లం. ఎంఐటీలో 2003 జనవరిలో చిన్న కోర్సుగా మొదలైంది, 2004లో ఐదు టీములతో పోటీ అయింది, తర్వాత ప్రపంచమంతా పాకింది. స్టూడెంట్లే బ్యాక్టీరియాకి జీన్లు ఎక్కించి ఏదో ఒక పని చేయిస్తారు. అందులో వాడే డీఎన్ఏ ముక్కల్ని బయోబ్రిక్స్ అంటారు, ప్రతి ముక్కకీ ముందు ఎకోఆర్‌వన్, ఎక్స్‌బావన్ సైట్లు, వెనక స్పీవన్, పీఎస్‌టీవన్ సైట్లు (ఆ పేర్ల ఎంజైములు కోసే చోట్లు) ఉండేవి, అందుకే ఏ ముక్కనైనా దేనికైనా అతికించొచ్చు. రిజిస్ట్రేషన్ ఫీజు చూశాక పోటీ ఆశ వదిలేసుకున్నాం గానీ పిచ్చి మాత్రం వదల్లేదు. మా గైడ్ మేడమ్ తన పాత ల్యాబ్ ఫ్రెండ్‌ని అడిగి రెండు ప్లాస్మిడ్లు, అంటే బ్యాక్టీరియాలోకి జీన్లని మోసుకెళ్లే గుండ్రటి చిన్న డీఎన్ఏలు, తెప్పించారు. ఎలా వచ్చాయనుకున్నారు, మామూలు పోస్టు కవర్లో! ఫిల్టర్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసిన రెండు సున్నాలు, ఆ సున్నాల్లో ఆరిపోయిన డీఎన్ఏ. కంటికి ఏమీ కనపడదు, మా వాడొకడు కాగితాన్ని లైట్‌కి పెట్టి మరీ చూశాడు.

ఒకదాంట్లో పీఎస్‌బీ1సీ3, అంటే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ని తట్టుకునే ప్లాస్మిడ్ (ఆ మందు కలిపిన ప్లేట్ మీద ఇది ఉన్న బ్యాక్టీరియానే పెరుగుతుంది), మధ్యలో ఎర్ర ప్రొటీన్ జీన్. రెండోది ఆంపిసిలిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ని తట్టుకునేది, అందులో జెల్లీఫిష్ నుంచి వచ్చిన జీఎఫ్‌పీ అనే ప్రొటీన్ జీన్, ఆకుపచ్చగా మెరిసేది. ఎర్రదాన్ని కోసి తీసేసి ఆ చోట ఆకుపచ్చదాన్ని పెట్టాలి, ప్రాజెక్ట్ మొత్తం ఇంతే. కానీ ముందు ఆ కాగితం ముక్కని నీళ్లలో నానబెట్టి డీఎన్ఏని ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించి పెంచుకోవాలి కదా, అక్కడే ఇరుక్కుపోయాం.

పద్ధతి తెలిసిందే, కాల్షియం క్లోరైడ్‌లో చల్లబెట్టిన డీహెచ్5ఆల్ఫా (ఈ.కోలైలోనే ఒక ల్యాబ్ రకం) సెల్స్‌కి డీఎన్ఏ కలిపి అరగంట ఐస్‌లో ఉంచాలి, తర్వాత సరిగ్గా 42 డిగ్రీల్లో 45 సెకన్లు, దీన్నే హీట్ షాక్ అంటారు, మళ్లీ వెంటనే ఐస్. ఐస్ మెషీన్ పాడైపోయింది కాబట్టి థర్మాకోల్ డబ్బా పట్టుకుని బైక్ మీద ఫిషింగ్ హార్బర్ దాకా వెళ్లి తెచ్చేవాళ్లం, డబ్బా ఎంత కడిగినా ల్యాబంతా చేపల వాసనే. అంత కష్టపడి ప్లేట్లు వేసి ఓవర్‌నైట్ ఇంక్యుబేటర్లో పెట్టి పొద్దున్నే టిఫిన్ కూడా మానేసి పరిగెత్తుకొస్తే, ఖాళీ. ఒక్క కాలనీ, అంటే బ్యాక్టీరియా పెరిగిన చుక్క, లేదు. మూడు వారాలు అంతే. డీఎన్ఏ పోస్టులో పాడైందన్నాం, సెల్స్ ముసలివైపోయాయన్నాం, ఒకరోజు ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకున్నాం కూడా.

మన అటెండర్ బాబాయ్ గుర్తున్నాడుగా, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే పెద్ద కుక్కర్ లాంటిది) దగ్గర స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆ రోజు హీట్ షాక్‌కి వాడే వేడి నీళ్ల తొట్టి, అదే వాటర్ బాత్‌లో నీళ్లు తగ్గాయని పోయడానికొచ్చి వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. "ఎంతన్నారు, నలభై రెండా? నలభై రెండంటే తలంటు నీళ్లమ్మా, ఇవి కోడిని ముంచే నీళ్లు" అన్నాడు. డిస్‌ప్లేలో 42 అనే ఉంది. కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి మామూలు థర్మామీటర్ తెచ్చి పెడితే 51. మూడు వారాలుగా సెల్స్‌ని ఉడకబెడుతున్నామన్నమాట! హీట్ షాక్ అయ్యాక యాంటీబయాటిక్ లేని ప్లేట్ మీద కాసిని వేసి అసలు బతికున్నాయో లేదో చూసుంటే మొదటి వారమే తెలిసేది, ఆ కంట్రోల్ ఎందుకులే అన్నది నేనే.

నాబ్ తిప్పి థర్మామీటర్‌లో 42కి తెచ్చి చేస్తే మర్నాడు ప్లేట్ నిండా కాలనీలు, ఇంకో రోజుకి దానిమ్మ గింజల్లా ఎర్రగా తిరిగాయి. ఆ ప్లేట్ పట్టుకుని కారిడార్ అంతా తిరిగాం, సివిల్ వాళ్లకి కూడా చూపించాం.

తమాషా ఏంటంటే నెల తర్వాత అదే ఎరుపు చూస్తే ఏడుపొచ్చేది. కోసి అతికించాక ఎర్ర కాలనీ వచ్చిందంటే ప్లాస్మిడ్ సరిగ్గా తెగలేదని, పాత జీన్ అలాగే కూర్చుందని అర్థం. తెల్లగా వచ్చేవాటి కోసం వెతకాలి. ఒకసారి ప్లేట్ అంతా తెల్లవే, ఒక్క ఎర్రది లేదు, ఎగిరి గంతేశాం, నీలం టార్చ్ వేసి వినాయక మండపంలో మిగిలిన పసుపు జిలెటిన్ కాగితంలోంచి చూస్తే ఆకుపచ్చగా మెరుస్తున్నాయి కూడా. మేడమ్ ప్లేట్ తిరగేసి అడుగున రాసింది చూసి, "ఆంపిసిలిన్ ప్లేట్ మీద వేశారేంట్రా, ఇది మీరు కట్టింది కాదు, పోస్టులో వచ్చినదే తెగకుండా మళ్లీ పెరిగింది" అన్నారు. ఆ తర్వాత క్లోరాంఫెనికాల్ ప్లేట్ మీద నూట పద్నాలుగు ఎర్రవాటి మధ్య ఏడు తెల్లవి వచ్చాయి, ఏడింటిలో రెండే మెరిశాయి. చాలు.

మేడమ్ ఒక కథ చెప్పేవారు. జీఎఫ్‌పీ మీద పనికి 2008లో షిమొమురా, చాల్ఫీ, చెన్‌లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కానీ ఆ జీన్‌ని ముందు క్లోన్ చేసి 1992లో పేపర్ వేసినాయన డగ్లస్ ప్రాషర్, గ్రాంట్ ఆగిపోయి ఆ ఫీల్డ్ వదిలేశాడు, నోబెల్ ప్రకటించేనాటికి అలబామాలో ఒక కార్ల షోరూమ్‌కి వ్యాన్ నడుపుతున్నాడు. చాల్ఫీ, చెన్ ఖర్చు పెట్టుకుని ఆయన్ని స్టాక్‌హోమ్ తీసుకెళ్లారు. ఆ కథకి మేం భలే బాధపడిపోయేవాళ్లం. అయితే మొన్న పాత రిపోర్ట్ పీడీఎఫ్ తెరిస్తే అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో ప్రిన్సిపాల్ గారు ఉన్నారు, హెచ్‌ఓడీ గారు ఉన్నారు, దేవుడూ మా తల్లిదండ్రులూ ఉన్నారు, బాబాయ్ లేడు. రాసింది నలుగురం, చదివింది నలుగురం, ఒక్కడికీ తట్టలేదు.

ప్రాజెక్ట్ అయ్యాక రూల్ ప్రకారం ప్లేట్లన్నీ 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేసి చంపేయాలి, అది బాబాయే చేశాడు, మేం వెళ్లి ఫేర్‌వెల్ ఫొటోలు దిగాం. మేం కట్టిన బ్యాక్టీరియాని గడ్డకట్టించి దాచే ఒక్క గ్లిసరాల్ స్టాక్ ట్యూబ్ మాత్రం డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోమని మేడమ్ పర్మిషన్ ఇచ్చారు.

పోయిన నెల ఒక జూనియర్ అమ్మాయి ఎవరి దగ్గరో నా నంబర్ తీసుకుని ఫొటో పంపింది, ఫ్రీజర్ క్లీన్ చేస్తుంటే దొరికిందట. మంచు పట్టిన చిన్న అట్టపెట్టె, మీద తెల్ల టేపు, టేపు మీద ఆ వంకర అక్షరాలు నేను వెంటనే గుర్తుపట్టాను: "పిల్లలవి. తీయొద్దు". బాబాయ్ రిటైరై చాలా ఏళ్లయిందట, ఆ టేపు చూసి ఎవరూ తీయలేదట. అన్నా, ఇది మీదేనా, పారేయమంటారా అని అడిగింది. పారేయకమ్మా, ఒకసారి కొంచెం ప్లేట్ మీద గీసి పెంచి చూడు, బతికుండొచ్చు, క్లోరాంఫెనికాల్ ప్లేట్ మీద గీయి, ఆంపిసిలిన్ కాదు అని రెండుసార్లు టైప్ చేసి పంపా. వాటర్ బాత్ ఇంకా అదేనా అని కూడా అడిగా. అదేనంట.