ఎడమ లాగుడు: తొమ్మిదో వారం

దొరికింది! మొన్న ఆదివారం హ్యాంగర్ నేల మీద గొంతుక్కూర్చుని, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం ఒక చేత్తో, కొలత టేపు ఇంకో చేత్తో పట్టుకుని ఉండగా దొరికింది. తొమ్మిది వారాలుగా నా ట్రైక్ (గుడ్డ రెక్క కింద వేలాడే, ఇంజిన్ ఉన్న మూడు చక్రాల చిన్న విమానం) ఎడమకి లాగుతుంటే, నేను ఎడమ రెక్కని తిట్టుకుంటూ వచ్చాను. పాపం, దానికి ఏ రోగమూ లేదు.

మిగతా పనుల సంగతి ముందే చెప్పేస్తాను. అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొత్త ఇంటర్‌కామ్ మొదటి రోజే శుభ్రంగా వినిపించింది. దగ్గర్లోని విమానాలని పసిగట్టే స్కైఎకో 2 పరికరం, పాడ్ (కూర్చునే చోటు ముందుండే తొడుగు) ముందు భాగంలో గట్టిగా నిలబడింది, చుట్టుపక్కల ట్రాఫిక్ టాబ్లెట్‌లో కనిపిస్తోంది. ముందు చక్రానికి వెడల్పాటి టైరు వేశాక గడ్డి మీద గంతులు తగ్గాయి. అంతే.

ఇక అసలు గొడవ. పాత సింగిల్ సర్ఫేస్ (ఒకే పొర గుడ్డ) వింగ్ తీసేసి, అదే ట్రైక్‌కి సెకండ్ హ్యాండ్ డబుల్ సర్ఫేస్ (పైనా కిందా గుడ్డ) వింగ్ వేశానని పోయినసారి రాశాను. 310 గంటలు ఎగిరిన వింగ్. రెక్కకి తొడిగిన సెయిల్ గుడ్డ, దాని బలం చూసే బెట్సోమీటర్ పరీక్షలో బాగానే పాసైంది, ట్యూబులన్నీ తిన్నగా ఉన్నాయి, లాగ్‌బుక్ కూడా నీటుగా ఉంది. మొదటి ఫ్లైట్‌లో టేకాఫ్ అయి నిమిషం కాకముందే తెలిసిపోయింది, బార్ (చేతులతో పట్టుకుని వింగ్‌ని నడిపే కడ్డీ) వదిలితే ఎడమకి పోతోంది. కొద్దిగా కాదు. గంటసేపు ఎగిరి దిగేసరికి భుజం పీకేసింది.

'కొద్దిగా', 'బాగా' అనుకుంటూ కూర్చుంటే పని జరగదని కొలవడం మొదలుపెట్టాను. తెల్లవారగానే, గాలి లేని సమయంలో, 1,500 అడుగుల ఎత్తులో, 582 ఇంజిన్‌ని 5,200 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, తిన్నగా స్థిరపడ్డాక బార్ మీద నుంచి చేతులు తీసేయడం. కంపాస్‌లో 90 డిగ్రీలు తిరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడడం. మూడుసార్లు చేసి సగటు తీస్తే 19 సెకన్లు. వెనక సీట్లో ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, లగేజీ తూచే డిజిటల్ త్రాసు బార్‌కి తగిలించి, తిన్నగా పోవడానికి ఎంత బలం కావాలో కూడా చూశాం. 1.8 కిలోలు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. గంటసేపు పట్టుకుని చూడండి.

మొదటి అనుమానం అందరిలాగే బ్యాటెన్ల మీద, అంటే సెయిల్‌కి వంపునిచ్చే సన్న కడ్డీల మీద. వాటి మూస కాగితం నేల మీద పరిచి ఒక్కొక్కటీ పెట్టి చూశాను. ఎడమవైపు నాలుగోది మధ్యలో 5 మి.మీ. చదునుగా ఉంది, మిగతావన్నీ 2 మి.మీ. లోపే. మాన్యువల్ 6 మి.మీ. వరకు ఒప్పుకుంటుంది, అయినా దాన్ని మోకాలి మీద వంచి సరిచేశాను. 19 కాస్తా 20 అయింది. అంటే ఏమీ కాలేదు.

తర్వాత సెయిల్. లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) మీద సెయిల్ ఒక పక్కకి జరిగి బిగిసిందేమోనని ముక్కు ప్లేటు నుంచి సెయిల్ అంచు దాకా రెండువైపులా కొలిచాను. తేడా ఒకటిన్నర మి.మీ. కూడా లేదు. కీల్ (వింగ్ మధ్య గొట్టం) వెంబడి దారం లాగి చూశాను, తిన్నగానే ఉంది. ట్రైక్‌ని వింగ్‌కి వేలాడదీసే హ్యాంగ్ బ్రాకెట్ బుష్ కొత్తది వేశాను. 20 సెకన్లు.

అప్పుడు ఇంజిన్ మీదికి మళ్ళాను. ప్రాప్ టార్క్ (ప్రొపెల్లర్ తిరగడం వల్ల పుట్టే మెలిక బలం) వల్ల ఒక పక్కకి పోవడం ట్రైక్ వాళ్ళకి కొత్తేమీ కాదు. ఐడిల్‌కి తెచ్చి దిగుతూ అదే పరీక్ష చేశాను. అప్పుడూ ఎడమకే, కాకపోతే 24 సెకన్లు. అంటే టార్క్ వాటా కొంచెం ఉంది, అసలు దోషి అది కాదు. ఇంజిన్ మౌంట్ కింద షిమ్‌లు (పల్చటి రేకులు) పెట్టి థ్రస్ట్ లైన్ (ప్రొపెల్లర్ తోసే దిశ) మార్చమని ఒకరు సలహా ఇచ్చారు. ఐడిల్‌లో కూడా తిరిగే వింగ్‌కి ఇంజిన్‌ని వంకర చేస్తే ఏం లాభం? ఆ సలహా పక్కన పెట్టాను. ఇన్ని తప్పుల మధ్య నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఇక మిగిలింది టిప్, అంటే రెక్క కొస. ఎడమ టిప్‌ని ఒక గుర్తు తిప్పి, అక్కడ ట్రెయిలింగ్ ఎడ్జ్‌ని (వెనక అంచుని) కొంచెం కిందికి దించాను. వాష్‌అవుట్ (కొస దగ్గర వెనక అంచు పైకి మెలితిరిగి ఉండడం) తగ్గితే ఆ కొస ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది, ఎడమ పైకి లేస్తుంది. 31 సెకన్లు! ఇంకో గుర్తు తిప్పితే 48. ఆ సాయంత్రం ఎంత సంబరపడ్డానో చెప్పలేను. దిగి, ఇంటర్‌కామ్ కూడా ఆపకుండా ఫ్రెండ్‌తో పది నిమిషాలు మాట్లాడాను. మూడో గుర్తుతో పని పూర్తయిపోతుందని లెక్క.

మర్నాడు అతను ఒంటరిగా ఒక రౌండ్ వేసి దిగాడు.

"ఏదిరా ఎడమ? నీది కుడికి పోతోంది కదా?"

"కుడికా? నీకు కుడి ఎడమలు తెలుసా అసలు?"

"నువ్వే ఎక్కి చూసుకో."

ఎక్కి చూశాను. ఎడమే. మళ్ళీ అతను ఎక్కాడు, కుడి అన్నాడు. ఇద్దరం అరగంట వాదించుకున్నాం. అతను నాకంటే 20 కిలోలు తక్కువ, దాని వల్లేమో అన్నాను. హెల్మెట్ ఒక పక్కకి పెట్టుకుంటున్నావేమో అని అతనన్నాడు. చివరికి నేను వెనక కూర్చుని అతన్ని ముందు కూర్చోబెట్టాను. టేకాఫ్ అయి లెవెల్ అవగానే అతని చేయి అలవాటుగా ట్రిమ్ చక్రం (చేతులు వదిలినా వింగ్ నిలబెట్టుకునే వేగాన్ని మార్చేది) మీదికి పోయింది. గరగరా తిప్పి ఫాస్ట్‌కి వదిలేశాడు. చేతులు తీశాడు. ట్రైక్ మెల్లగా కుడికి వంగింది.

నేను ఆ చక్రాన్ని ఎప్పుడూ ముట్టుకోను. పాత వింగ్‌కి ట్రిమ్మర్ లేదు, అందుకని అలవాటు కాలేదు. వింగ్ కొన్న రోజు ఎక్కడుందో అక్కడే, అంటే స్లో వైపు, దాదాపు గంటకి 80 కి.మీ. దగ్గర వదిలేసి ఎగురుతున్నాను. అతను 105కి తిప్పుకుంటాడు. నేను ఎనిమిది వారాల్లో తీసిన కొలతలన్నీ ఒకే ట్రిమ్‌లో తీసినవి.

ఆ చక్రం ఏం చేస్తుందో తెలిసినవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. స్లోకి తిప్పితే కింగ్‌పోస్ట్ (వింగ్ పైన నిలబడే స్తంభం) పైనుంచి ట్రెయిలింగ్ ఎడ్జ్‌కి దిగే లఫ్ లైన్లనే తాళ్ళని పైకి లాగుతుంది, బ్యాటెన్ల తోకలు పైకి లేస్తాయి, వింగ్ ముక్కు పైకెత్తుతుంది. ఫాస్ట్‌కి వదిలితే ఆ తాళ్ళు వదులవుతాయి. అంటే తాళ్ళు బిగిస్తే ఎడమకి పోతోంది, వదిలితే పోవట్లేదు. పైగా నేను టిప్‌లో రెండు గుర్తులు తిప్పి పెట్టినందుకు, వదిలినప్పుడు కుడికి పోతోంది. లేని జబ్బుకి మందేసి కొత్త జబ్బు తెచ్చానన్నమాట.

అందుకే ఆదివారం ఆ నీళ్ళ గొట్టం. కింగ్‌పోస్ట్ నుంచి రెండువైపులా మూడేసి తాళ్ళు. వింగ్‌ని స్టాండ్ల మీద పెట్టి, లీడింగ్ ఎడ్జ్, క్రాస్ ట్యూబ్ (అడ్డ గొట్టం) కలిసే రెండు చోట్లా నీటి మట్టం ఒకటయ్యేదాకా చెక్క ముక్కలు దోపాను. దీనికే గంట పట్టింది. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత అబద్ధం చెబుతుంది, రెండుసార్లు పారబోసి మళ్ళీ నింపాను. ట్రిమ్ పూర్తిగా స్లోకి తిప్పి, తాడు కట్టిన ప్రతి బ్యాటెన్ కొస నుంచి రెండు కిలోల బరువు వేలాడదీశాను, తాడు బిగిసి ఉండాలని. అప్పుడు కొసల ఎత్తు రాసుకున్నాను. లోపలి జతలో తేడా 4 మి.మీ. మధ్య జతలో 13. బయటి జతలో 21. మూడింటిలోనూ కుడివైపే కింద ఉంది.

ఇక్కడ కూడా నా బుర్ర పాత దారినే పోయింది. ఎడమ తాళ్ళు పొట్టిగా ఉన్నాయి, అవే ఎడమ కొసని మరీ పైకి లాగుతున్నాయి అనుకున్నాను. ఆరూ విప్పి, పై కొక్కేనికి తగిలించి, అయిదు కిలోల బరువు కట్టి మాన్యువల్ కొలతతో పోల్చాను. ఎడమవి మూడూ ఒక మి.మీ. తేడాతో సరిగ్గా ఉన్నాయి. కుడివి సాగిపోయాయి, 4, 13, 22.

రెండు చేతుల్లో రెండు తాళ్ళు పట్టుకుని వెలుతురులోకి వచ్చి చూస్తే సిగ్గేసింది. ఎడమది తెల్లగా, నున్నగా ఉంది, కొస కుట్టు నీలం దారంతో వేసి ఉంది. కుడిది బూడిద రంగుకి తిరిగి, నూగు లేచి, వేళ్ళతో తిప్పితే పాత చొక్కా కాలర్‌లా గరుగ్గా తగిలింది. దాని కుట్టు నల్ల దారం. ఎవరో ఎడమవైపు మాత్రమే కొత్తవి వేశారు. లాగ్‌బుక్‌లో 'లఫ్ లైన్లు మార్చబడినవి' అని ఒకే ముక్క ఉంది. ఎన్ని అన్నది లేదు. అది చదివి నేను ఆరూ అనుకున్నాను. ప్రతి ఎగురుడుకి ముందు ఆ తాళ్ళని చేత్తో పట్టి లాగి చూస్తున్నాను. ముడులు చూశాను, షాకిల్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) చూశాను, రంగు మాత్రం చూడలేదు.

తిరుగుడు ఒక బాధైతే, రాత్రి నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకోటి. లఫ్ లైన్లు ఉన్నది ట్రిమ్ కోసమే కాదు. ముక్కు బాగా కిందికి పోయినప్పుడు ట్రెయిలింగ్ ఎడ్జ్‌ని పైన పట్టి ఉంచి వింగ్‌ని మళ్ళీ పైకి తెచ్చేవి అవే. ఒక పక్క 22 మి.మీ. సాగిన తాళ్ళతో తొమ్మిది వారాలు ఎగిరాను. గట్టి థర్మల్ (పైకి లేచే వేడిగాలి) అంచులో పడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోదలచుకోలేదు. కుడి తాళ్ళకి ముడి వేసి పొట్టి చేసుకుని ఈ వారం కూడా ఎగరొచ్చు కదా అని ఫ్రెండ్ అన్నాడు. ససేమిరా అన్నాను. తాడుకి ముడి వేస్తే బలం పోతుంది, పైగా అది ముడి వేసి సరిపెట్టుకునే భాగం కాదు. ఫొటోలు, కొలతలు తయారీదారుకి పంపాను. ఆరు తాళ్ళ సెట్ ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా వింగ్ సంచీలోనే.

ఈ ఖాళీలో బుర్రకి వచ్చిన ఆలోచనలు చాలా ఉన్నాయి. కింగ్‌పోస్టే లేని వింగ్ అయితే ఈ తాళ్ళ గోల ఉండదు కదా అని మొదటి రెండు రోజులూ అలాంటి వింగ్ ఉన్న క్విక్‌ఆర్ ట్రైక్ ఫొటోలు చూస్తూ గడిపాను. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ తాళ్ళు లేని చోట కొసల్లో స్ప్రాగ్‌లు (వెనక అంచుని మరీ కిందికి పోనివ్వని కడ్డీలు) ఉంటాయి, వాటి కోణాలు సరిచూసుకోవడం ఇంకో చదువు. హ్యాంగ్ గ్లైడర్ పోటీల్లో స్ప్రాగ్ కోణాలు కొలిచి మరీ ఎగరనిస్తారు. నా నీళ్ళ గొట్టం అక్కడ చాలదు, కోణం కొలిచే డిజిటల్ ఇంక్లినోమీటర్ కావాలి. ఎయిర్ క్రియేషన్ వాళ్ళ బయోనిక్స్ వింగ్‌లో ఎగురుతూనే వింగ్ ఆకారం మార్చుకునే కోర్సెట్ ఏర్పాటు బాగా నచ్చింది. కాకపోతే నా 582 ట్రైక్‌కి అంత వింగ్ దండగ. ఇంతకంటే బలమైన 912 ఇంజిన్ ఉన్నవాళ్ళు ఆలోచించొచ్చు.

నిజం చెప్పాలంటే మనసు మళ్ళీ కాళ్ళతో పరిగెత్తి ఎగిరే హ్యాంగ్ గ్లైడర్ మీదికి పోతోంది. ఇన్నేళ్ళ తర్వాత మొదలుపెట్టేవాడికి విల్స్ వింగ్ ఫాల్కన్ 4 లాంటి సింగిల్ సర్ఫేసే మంచిదని నా అభిప్రాయం. మొయెస్ గెక్కో మీద కన్నుంది, కానీ ముందు ల్యాండింగులు మళ్ళీ నేర్చుకోవాలి. వేరియో (పైకి పోతున్నామో కిందికి పోతున్నామో శబ్దంతో చెప్పే మీటరు) మాత్రం ముందే కొనేశాను, ఎక్స్‌సీ ట్రేసర్. ఆలస్యం లేకుండా లిఫ్ట్‌ని పలుకుతుంది. ఇంజిన్ మోత మధ్య దాంతో పనేముంది, ఇప్పటికి డ్రాయర్లో నిద్రపోతోంది.

తాళ్ళు వచ్చాక చేసే పని ఇలా అనుకున్నాను. ముందు ఎడమ టిప్ రెండు గుర్తులూ వెనక్కి, సున్నాకి. తర్వాత ఆరు తాళ్ళూ బరువు కట్టి కొలిచి, రాసి, అప్పుడే బిగించడం. మళ్ళీ నీళ్ళ గొట్టం. ఎగిరేటప్పుడు ట్రిమ్‌ని నాలుగు చోట్ల పెట్టి, ఒక్కోచోట పవర్‌తో మూడుసార్లు, ఐడిల్‌లో మూడుసార్లు. మొత్తం 24 కొలతలు, బహుశా రెండు ఉదయాలు. టార్క్ వల్ల కొంచెం ఎడమ మిగులుతుందని నా అంచనా, 90 డిగ్రీలకి 60 సెకన్లు దాటితే దాని జోలికి పోను. నాలుగో బ్యాటెన్ని అనవసరంగా వంచానేమో, అది కూడా మూస మీద ఇంకోసారి చూడాలి.

పాత కుడి తాళ్ళు మూడూ హ్యాంగర్ గోడకి మేకుకి వేలాడదీసి, ఒక్కోదానికి కాగితం చీటీ కట్టాను, 4, 13, 22 అని. వచ్చినవాళ్ళందరూ అవేమిటని అడుగుతున్నారు. ట్రిమ్ చక్రం ముట్టుకోనివాడి తాళ్ళు అని ఫ్రెండే జవాబు చెప్తున్నాడు.