కాళేశ్వరం వెళ్తున్నారా? ముందు నీళ్లెక్కడున్నాయో చూసుకోండి

కాళేశ్వరం చేరగానే చాలామంది కారు దిగీ దిగగానే ఘాట్ మెట్లకేసి నడుస్తారు. ఎండాకాలమైతే అక్కడ కనిపించేది ముప్పావువంతు ఇసుకే. నీళ్లు దూరంగా పాయలుగా పారుతుంటాయి. "గోదావరి ఇంతేనా" అని నిట్టూరుస్తారు గానీ, అందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. పడమటి నుంచి వచ్చే గోదావరిని పైన శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి ప్రాజెక్టుల దగ్గరే కట్టేసుకున్నాం. ఉత్తరం నుంచి వచ్చే ప్రాణహిత మాత్రం వార్ధా, వైన్‌గంగల నీళ్లు మోసుకొస్తుంది. పేరు గోదావరిదే అయినా, వేసవిలో సంగమం దగ్గర తడిపేది ఎక్కువగా ప్రాణహితే. మూడోది సరస్వతి, అంతర్వాహిని. అందుకే దీన్ని త్రివేణి సంగమం అంటారు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మేలో సరస్వతి పుష్కరాలు ఇక్కడ జరిగాయి. గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో.

2019 నుంచి నాలుగేళ్లపాటు కింద మేడిగడ్డ బ్యారేజీలో ఆపిన నీళ్లు ఇక్కడిదాకా నిలిచి ఉండేవి. 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగాక గేట్లు ఎత్తేశారు. నీళ్లు నిలిచి ఉన్నప్పటి ఫొటోలు చూసుకుని ఇప్పుడు వచ్చేవాళ్లే ఎక్కువ నిరాశపడుతున్నారు.

కాబట్టి మార్చి నుంచి మే దాకా వచ్చేవాళ్లు తెల్లవారుజామునే నదిలోకి దిగాలి. పొద్దెక్కితే ఇసుక కాలుతుంది, చెప్పులు చేతపట్టుకుని నడవలేరు. పాయ మోకాలిలోతే ఉందని నమ్మి ముందుకెళ్లొద్దు. ఇసుక మేటల మధ్య గుంటలు ఉంటాయి, పైకి తెలియవు. జూలై, ఆగస్టుల్లో కథ తిరగబడుతుంది. 2022 జూలైలో వరద ఊళ్లోకే వచ్చింది. ఆ నెలల్లో బయల్దేరే ముందు నీటిమట్టం సంగతి కనుక్కోండి. ఘాట్‌లో కింది మెట్లకు పాచి పడితే జారుడుబల్లే. పెద్దవాళ్లుంటే పై మెట్టు మీదే కూర్చోబెట్టి చెంబుతో పోస్తే చాలు, పుణ్యం తగ్గదు. నాచైనా, సుడైనా మన భక్తిని చూసి ఆగదు కదా.

స్నానానికి ప్రవాహానికి ఎదురుగా నిలబడి, సంకల్పం చెప్పుకుని మూడు మునకలు వేస్తారు. సబ్బు, షాంపూ వాడకూడదు. విడిచిన బట్టలు నదిలో వదిలేయడం మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు, అయినా ఘాట్ నిండా అవే. అస్థికలు తెస్తే మట్టి కుండలోనో, గుడ్డలోనో తెచ్చి, కలిపేటప్పుడు గుడ్డ విప్పేయండి. ప్లాస్టిక్ కవరుతో సహా వదిలినవి తర్వాత ఒడ్డుకే కొట్టుకొస్తాయి.

పిండప్రదానం, తర్పణాల దగ్గర పని చెడేది సామాన్ల వల్ల కాదు, పేర్ల వల్ల. నల్లనువ్వులు, దర్భలు లాంటివి పురోహితుడు సర్దుకుంటాడు. కానీ "తాత తండ్రి పేరు చెప్పండి" అనగానే నీళ్లలో నిలబడి ఇంటికి ఫోన్లు చేయడం మొదలవుతుంది. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి పుట్టింటి వైపు మూడు తరాలు, రెండు గోత్రాలు ముందే కాగితం మీద రాసుకురండి. దక్షిణ ఎంతో కూడా కూర్చోకముందే తేల్చుకోవాలి. లేచాక బేరమాడితే ఇద్దరికీ బాగుండదు.

తర్వాత గుడి. గర్భాలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు, అంటే శివుడు. మొక్కాల్సింది ముందు యముడికే. ముక్తీశ్వరుడే అందరికీ ముక్తి ఇచ్చేస్తే తనకు పనేముందని యముడు శివుడితో మొరపెట్టుకున్నాడని, తనకంటే ముందు యముణ్ణే కొలవాలని శివుడు మాటిచ్చాడని స్థలపురాణం. ముక్తీశ్వర లింగానికి రెండు నాసికా రంధ్రాలున్నాయి. అభిషేకం చేసిన నీళ్లు వాటిగుండా సంగమంలో కలుస్తాయని నమ్ముతారు. గుడి ఆవరణలో యమకోణం అని ఇరుకైన సందు ఉంది. అందులోంచి దూరి బయటపడితే యమగండం తప్పుతుందంటారు. లావుపాటి వాళ్లూ, మోకాళ్ల నొప్పులవాళ్లూ మొహమాటానికి పోయి అందులో ఇరుక్కోకండి.

దారి విషయానికొస్తే, హైదరాబాద్ నుంచి దాదాపు 280 కిలోమీటర్లు. వరంగల్, పరకాల, భూపాలపల్లి మీదుగా రావచ్చు, లేదా కరీంనగర్, మంథని, కాటారం మీదుగా. ఏ దారైనా చివర మహదేవ్‌పూర్ తగలాల్సిందే. అక్కణ్ణుంచి అడవి దారి, చీకటి పడితే పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి. రైలు ఊరి దాకా లేదు, వరంగల్‌లోనో, రామగుండంలోనో దిగి బస్సెక్కాలి. గోదావరి మీద వంతెన దాటితే అవతల మహారాష్ట్ర, సిరొంచ. ప్రాణహిత ఒడ్డున స్నానం చేయాలనుకునేవాళ్లు అటు వెళ్తారు. ఉదయమే దర్శనం ముగించుకుంటే అక్కడికి వెళ్లినా పగటిపూటే అడవి దాటేయొచ్చు.