డ్రై వెయిట్ కుదిరేదాకా నేను పడ్డ పాట్లు

మాది కవిటి దగ్గర ఊరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు అంటే కొత్తేం కాదు, మా వీధిలోనే డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఉన్నారు, అందుకని ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారి), సూదులు, నీళ్లు కొలుచుకుని తాగడం ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలీనిదల్లా ఈ డ్రై వెయిట్ గోలే. ఒంట్లో నీరు ఎక్కువ ఉండకూడదు, అలాగని మరీ పీల్చేసినట్టూ ఉండకూడదు, మిషన్ దిగేసరికి ఎంత బరువుండాలో అదన్నమాట. లీటరు నీళ్లు అంటే కిలో బరువు, అందుకే ఎక్కే ముందు కాటా చూసి, పెరిగినంత నీరూ మిషన్‌తో లాగుతారు.

మొదట్లో కాళ్లు, మొహం ఉబ్బిపోయి 56 ఉండేదాన్ని. డాక్టరుగారు 52 అని అంచనా వేశారు గానీ ఒక్కసారే దించలేదు, వెళ్లినప్పుడల్లా రెండు మూడొందల గ్రాములు తగ్గించుకుంటూ వచ్చారు. బీపీ పడిపోయినా, ఒకటే ఆవలింతలు వచ్చినా, పిక్కలు పట్టేసినా అక్కడ ఆపి కాస్త పైకి జరపాలంట. రక్తపరీక్షలో తేలే లెక్క కాదిది. నాకు 51.5 దగ్గర కుదిరింది, వాపులు పోయాయి, కొన్ని వారాలు పోయాక బీపీ కూడా దిగితే ఒక మాత్ర తీసేశారు.

తర్వాత వానాకాలంలో జ్వరం వచ్చి నోరంతా చేదయిపోయింది, అన్నం సయించేది కాదు. కాటా మీద మాత్రం దిగేటప్పుడు ఎప్పుడూ అదే 51.5. నేను ఇంట్లో మిషన్ కుడతాను, నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను, ఓ రోజు చూసుకుంటే చేతులు వదులైపోయి భుజం జారిపోతోంది, రెండు వైపులా లోపలికి కుట్టు వేసుకోవాల్సొచ్చింది. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఆయాసం, తలగడ మీద తలగడ పెట్టుకుని కూర్చున్నట్టే పడుకునేదాన్ని, బీపీ 170. టెక్నీషియన్‌కి చెబితే "ఏటి పిన్నీ, ఫైల్లో ఉన్నంత దించేం కదా" అన్నాడు. ఆ కుర్రాడిని అనుకోవడానికి లేదు, నంబరు మార్చాల్సింది డాక్టరు, ఆయనొచ్చేది ఎప్పుడో ఒకసారి.

ఆయనొచ్చిన రోజు ముందు జాకెట్టు సంగతే చెప్పాను. బొటనవేలితో కాలు నొక్కి చూశారు, గుంట పడలేదు. మెడ మీద నరం చూశారు, వీపు మీద స్టెత్ పెట్టి విన్నారు, ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తుల్లో నీరు! తిండి లేక కండ కరిగిపోయింది, ఆ తగ్గిన బరువులోకి నీరు చేరింది, అందుకే కాటా కదల్లేదట, కాళ్లు వాయకపోయినా లోపల నీరుండొచ్చట.

అక్కడి నుంచి 50కి దించడం మళ్లీ ఒక తంతు. గంటకి, కిలో బరువుకి 13 మిల్లీలీటర్లు దాటి లాగితే గుండెకి మంచిది కాదు, నా 50 కిలోల ఒంటికి 4 గంటలకి లెక్కేస్తే 2600 మిల్లీలీటర్లు. ఆదివారం డయాలసిస్ లేని గ్యాప్ తర్వాత మూడున్నర కిలోలు పెరిగి వెళ్తే అంతా ఒకేసారి తీయమంటే ఎలా, అందుకే మధ్యలో ఇంకో రోజు కూడా రమ్మనేవారు. ఒకరోజు మూడో గంటలో కుడి పిక్క గట్టిపడిపోయి అరిచేశాను, ఆ కుర్రాడే పరిగెత్తుకొచ్చి నీరు లాగడం ఆపి, పాదం వేళ్లు నా వైపుకి వంచి పట్టుకుని కొంచెం సెలైన్ వదిలాడు.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే కాటా, చేతిలో ఫోను, భుజం మీద శాలువా లేకుండా చూసుకోవాలి. మధ్యలో తాగే టీ, చివర్లో రక్తం తిరిగి ఎక్కించేటప్పుడు పోయే సెలైన్ కూడా లెక్కలో కలపాలి. నన్నడిగితే గ్లాసులు కొలుచుకోవడం కంటే ఉప్పు మానడమే మేలు, 8 గ్రాముల ఉప్పు లీటరు నీటిని పట్టుకుంటుందట, ఉప్పు తింటూ దాహం ఆపుకోవడం ఎవరి తరం? ఎండుచేపల జోలికి పోవడం మానేశాను, పక్కింట్లో వేపుతుంటే మాత్రం ప్రాణం లాగేస్తుంది.

ఇప్పుడు ఆకలి బాగుంది, రోజూ గుడ్డు తింటున్నాను. దాంతో 50కి దించినప్పుడల్లా మళ్లీ పిక్కలు పట్టడం, ఇంటికొచ్చాక గొంతు బొంగురు పోయి మంచం దిగలేకపోవడం. ఈసారి కండ పెరిగిందని 50.5 చేశారు. చలికాలం చెమట పట్టదు కాబట్టి మధ్యలో ఎక్కువ పెరుగుతానట, నెలాఖరుకి ఇంకోసారి ఎక్స్‌రే తీసి చూద్దాం అన్నారు.