స్పీడ్ ఫుల్‌గా ఉంది, ఆట మాత్రం ఆగుతోంది

రాత్రి తొమ్మిదిన్నర. ఆన్‌లైన్ షూటింగ్ ఆటలో చివరి రౌండ్. మా టీమ్‌లో నేనొక్కణ్ణే మిగిలాను. తలుపు వెనక కాచుకుని కూర్చున్నా. ఎదుటివాడు వచ్చాడు, గురి చూసి కాల్చాను. వాడు ఉన్నచోటే నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా మాయమై నా వెనక తేలాడు. స్క్రీన్ మూలన మామూలుగా 18 మిల్లీసెకన్లు ఉండే పింగ్, అంటే సర్వర్‌కి వెళ్లి వచ్చే టైమ్, 430 చూపిస్తోంది.

రెండు వారాలు ఇదే వరస. స్పీడ్ టెస్ట్ పెడితే డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే "సార్, మీకు స్పీడ్ ఫుల్‌గానే వస్తోంది" అన్నారు. ఆ మాట నిజమే. కానీ చాలా ఆటలకు ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. కావలసింది మనం నొక్కిన బటన్ సర్వర్‌కి చేరి జవాబు తిరిగి వచ్చే టైమ్ తక్కువగా, ఎప్పుడూ ఒకేలా ఉండటం.

ముందు ఇంట్లోనే చూద్దామని రౌటర్‌కి, అంటే 192.168.1.1కి, వందసార్లు పింగ్ కొట్టాను. వైఫైలో 2, 3, 2, ఉన్నట్టుండి 90. కేబుల్ తగిలించాక అన్నీ ఒక మిల్లీసెకన్ లోపే. కేబుల్ పెట్టే వీలు లేనివాళ్లు కనీసం వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడే ఛానెళ్లు సాధారణంగా 1, 6, 11 మూడే, చుట్టుపక్కల రౌటర్లు ఎక్కువగా వాటిమీదే ఉంటాయి.

సమస్య తీరిందనుకున్నా. మర్నాడు రాత్రి మళ్లీ అదే.

ఈసారి రెండు విండోలు తెరిచి పెట్టాను. ఒకదాంట్లో రౌటర్‌కి పింగ్, రెండోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. తొమ్మిది దాటాక తమ్ముడు వచ్చి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి స్నానానికి వెళ్లాడు. రెండు నిమిషాలు కాలేదు, రెండో విండోలో అంకెలు 19, 60, 210, 405 అని ఎక్కడం మొదలుపెట్టాయి. మొదటి విండో మాత్రం ఒకటి దాటలేదు. వాడి ఫోన్‌లో వైఫై ఆపాను, 18కి దిగింది. ఆన్ చేశాను, మళ్లీ 400. అనుమానం పోయేదాకా మూడుసార్లు చేశాను. ఛార్జింగ్ పెట్టగానే ఫోటోలు, వీడియోలు బ్యాకప్ అయ్యేలా వాడు సెట్ చేసుకున్నాడు.

బ్యాకప్ 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మొత్తాన్ని పట్టేస్తుంది. పట్టనిదాన్ని మోడెమ్ (ఇంటి నెట్‌ని బయటి లైన్‌కి కలిపే పెట్టె) వదిలేయకుండా క్యూలో దాచుకుంటుంది. ఆ క్యూలో ఒక మెగాబైట్ పేరుకుందనుకోండి, అంటే 8 మెగాబిట్లు. 20 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 20 మెగాబిట్ల చొప్పున, అది ఖాళీ అవడానికి 0.4 సెకన్లు. నా ఆట ప్యాకెట్ (డేటా ముక్క) చిన్నదే అయినా ఆ వీడియో వెనకే నిలబడాలి. నేను చూసిన 400 మిల్లీసెకన్లు సరిగ్గా ఇవే! అమెరికన్ ప్రోగ్రామర్ జిమ్ గెటీస్ 2010లో తన ఇంటి నెట్‌లోనే ఇది గమనించి దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

బ్యాకప్ ఆపేయమని తమ్ముడికి చెప్పొచ్చు. కానీ ఆ వీడియోల్లో సగం అమ్మమ్మవి, వాడు ఎప్పటినుంచో తీస్తున్నవి. ఆపమనడానికి మనసు రాలేదు. రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, అందులో క్యూని అదుపు చేసే ఎస్‌క్యూఎం ఆన్ చేశాను, దానికి కేక్ అనే పద్ధతి ఎంచుకున్నాను. అప్‌లోడ్ 17కి, డౌన్‌లోడ్ 90కి కట్టాను. అసలు స్పీడ్ కంటే కొంచెం తక్కువ పెట్టడం ముఖ్యం, అప్పుడే క్యూ మన రౌటర్ చేతిలో ఉంటుంది. ఎవరి ప్యాకెట్లు వాళ్లకి వేరే వరసలో వెళ్తాయి, ఆట ప్యాకెట్ వీడియో కోసం ఆగక్కర్లేదు. ఆ తగ్గిన స్పీడ్ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

దూరాన్ని మాత్రం ఏ సెట్టింగూ తగ్గించదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి 3,000 కిలోమీటర్ల అవతల ఉన్న సర్వర్‌కి వెళ్లి రావడానికే 30 మిల్లీసెకన్లు. ఆటలో రీజియన్ (సర్వర్ ఉన్న ప్రాంతం) ఏది పడిందో ఒకసారి చూసుకోండి.

నిన్న రాత్రి తమ్ముడు ఎప్పటిలాగే ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టాడు. బ్యాకప్ నడుస్తుండగానే నాలుగు మ్యాచ్‌లు ఆడాను. పక్కన తెరిచి ఉంచిన విండోలో 22, 24, 21, 23. తమ్ముడు వచ్చి చూసి, "అన్నయ్యా, ఇప్పుడు నేను కూడా ఆడొచ్చా?" అన్నాడు. కుర్చీ పక్కకి జరిపాను.