శబరి ఒడ్డు చేను, పాత జిల్లాల రికార్డులు

విజయవాడ సూర్యారావుపేటలో ఒక లాయరు గారి దగ్గర నేను జూనియర్‌ని. పోలవరం ముంపు మండలాల్లో, శబరి ఒడ్డు ఊరి నుంచి ఒక కోయ పెద్దాయన వచ్చారు. వాళ్ల నాన్న దున్నిన చేను పరిహారం జాబితాలో గిరిజనేతరుడి పేరు మీద పడింది. "పట్టా ఉండేదమ్మా, ఎనభై ఆరు వరదలో ఇల్లుతో పాటే పోయింది" అన్నారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. పెట్టెలు వెతుక్కునే టైం ఎవరికుంటుంది?

చట్టం ఆయన వైపే ఉంది. ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టానికి వచ్చిన, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనే 1970 సవరణ ప్రకారం, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని భావించాలి. కాదంటే అతనే నిరూపించుకోవాలి. కానీ విచారణలో అవతలివాళ్లు కాగితం చూపించి, మనం ఊరికే చేతులు కట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు.

పాత రికార్డు ఎవరిని అడగాలన్నదే పెద్ద టెన్షన్. ఆ ఊరున్న భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తర్వాత ఖమ్మంలో కలిపారు. 2014లో ముంపు మండలాలతో పాటు ఆ ఊరు మళ్లీ తూర్పు గోదావరికి వచ్చింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. సర్వే నంబరు రాసి పట్టా నకలు కావాలని ఆర్టీఐ పెడితే, ఒక ఆఫీసు "మా వద్ద లభ్యం కాలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

మా సీనియర్ గారు మాత్రం పట్టా సంగతి వదిలెయ్యమన్నారు. "2014లో మీకు అప్పగించిన రిజిస్టర్ల జాబితా ఇవ్వండి అని అడుగమ్మా. ఏం తీసుకున్నారో సంతకం పెట్టే ఉంటారుగా." నిజంగానే వచ్చింది. అందులో ఆ ఊరి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఏ నంబరు భూమి ఎవరిదో రాసిన పాత రిజిస్టరు, కనిపించింది. ఇక నకలు అడగలేదు, రికార్డు పరిశీలనకు దరఖాస్తు చేశాను. మొదటి గంటకు రుసుము ఉండదు.

"ఎందుకు మేడమ్ ఇవన్నీ?" అన్నారు గుమాస్తా. కారణం చెప్పనక్కర్లేదని చట్టంలోనే ఉంది. అయినా చెప్పాను. ఆయనే స్టూలు వేసుకుని పై అర నుంచి ఎర్రగుడ్డ మూట దించారు. అంచులు చెదలు తినేశాయి గానీ మధ్య గళ్లు బాగానే ఉన్నాయి: నంబరు, మెట్ట, ఎకరాలు, సెంట్లు, పేరు. పెద్దాయన తండ్రి పేరు, పక్కనే చిన్న అక్షరాలతో "కోయ". సర్వే నంబరు అదే, దాని కింద సబ్‌డివిజన్ నంబరు మాత్రం వేరు. జాబితాలో చేను పెద్దాయన పేరు మీద దొరక్కపోవడానికి సగం కారణం అదే.

పరిహారం ఎవరికీ ఇవ్వకుండా ఆపాలని, ఆ పేజీకి సర్టిఫైడ్ కాపీ తీసుకుని, జతచేసి గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు పిటిషన్ వేశాం. అవతలివాళ్లు వాయిదా అడిగారు. ఆ అప్పగింత జాబితా నకలు మాత్రం మా ఆఫీసు బీరువాలోనే ఉంది. చింతూరు వైపు నుంచి ఎవరొచ్చినా ముందు అదే తీస్తున్నాం.